కత్తెర ముందు మాట: తెలుగునాట క్షౌరవృత్తిలో అడిగే హక్కు, కాదనే హక్కు

సెలూను కుర్చీలో కూర్చున్న మనిషి తన జుట్టు ఎలా కత్తిరించాలో క్షురకుడికి చెప్పడం ఈ రోజుల్లో ఎవరూ ప్రత్యేకంగా గమనించని మామూలు వ్యవహారం. వెనక ఎంత తగ్గించాలి, చెంపల దగ్గర ఎక్కడిదాకా ఉంచాలి, పాపిడి ఏ పక్కకు రావాలి అనే నాలుగు మాటలు అయ్యాక గాని కత్తెర ఆడదు. క్షౌరవృత్తి వయసుతో పోల్చి చూస్తే మాత్రం ఈ సంభాషణ నిన్న మొన్నటిది. అంతకుముందు శతాబ్దాల తరబడి తల మీద ఎంత జుట్టు ఉండాలి, ఎక్కడ ఉండాలి, ఎప్పుడు తీయించాలి అన్న ప్రశ్నలకు కులం, గోత్రం, వయసు, అశౌచం, మొక్కుబడి ముందే జవాబు చెప్పి ఉంచేవి కనుక, చేయించుకునేవాడు అడగవలసిందీ చేసేవాడు తెలుసుకోవలసిందీ పెద్దగా ఉండేది కాదు. కోరిక చెప్పుకోవాలంటే ముందు ఎంచుకునే వీలు ఉండాలి. ఆ వీలు ఒక్కరికే ఉన్నచోట చెప్పే మాట ఆజ్ఞ అవుతుంది గాని బేరం కాదు. క్షురకుడి ముందు కూర్చున్నవాడికి నోరు ఎలా వచ్చిందో, ఆ కూర్చున్నవాడి ముందు క్షురకుడికి నోరు ఎలా వచ్చిందో కలిపి చూసినప్పుడే ఈ చరిత్ర అర్థమవుతుంది.

తండ్రి చెప్పిన మాట

క్షురకుడికి ఇవ్వవలసిన సూచన గురించిన చాలా పాత ప్రస్తావన ఒకటి గృహ్యసూత్రాలలో కనిపిస్తుంది. పుట్టుక, ఉపనయనం, పెండ్లి వంటి ఇంటి సంస్కారాలను ఏ క్రమంలో జరపాలో చిన్న చిన్న వాక్యాలలో నిర్దేశించే వైదిక గ్రంథాలను గృహ్యసూత్రాలంటారు. పసివాడికి మొదటిసారి తల గొరిగించే సంస్కారానికి చౌలమని పేరు. వాడుకలో దీన్నే పుట్టువెంట్రుకలు తీయించడమంటారు. ఆశ్వలాయన గృహ్యసూత్రం ప్రకారం తండ్రి మంత్రాలతో కొన్ని కుచ్చులు కోసిన తరువాత, మిగిలిన పనిని క్షురకుడికి అప్పగిస్తూ, చన్నీళ్లూ వేన్నీళ్లూ కలిపి తల తడపమనీ, బిడ్డకు గాయం కాకుండా పని చక్కగా ముగించమనీ చెప్పాలి. జుట్టును ఏ తీరున ఉంచాలన్నది మాత్రం ఆ వంశాచారాన్ని బట్టి తేలవలసిందే.

తెలుగు వైదిక కుటుంబాలలో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ సూత్రం ఈ విషయాన్ని ఇంకా కచ్చితంగా చెబుతుంది. ఒక గోత్రంవారు తమ మూలపురుషులుగా చెప్పుకునే ఋషుల వరుసను ప్రవర అంటారు. ఆ ఋషులను బట్టి గాని, కుటుంబ ఆచారాన్ని బట్టి గాని తల మీద శిఖలు, అంటే పిలకలు, ఉంచాలి. తీసిన వెంట్రుకలను మేడిచెట్టు మొదట్లోనో దర్భదుబ్బులోనో పెట్టాలి. ఈ ఏర్పాటులో మాట్లాడేవాడు తండ్రి, తల కొడుకుది, ఆకారం పూర్వికులది. క్షురకుడికి అందే సూచన చేతి జాగ్రత్తకు సంబంధించినదే తప్ప తలకట్టు అందానికి సంబంధించినది కాదు. ఈ విభజన ఆ తరువాత చాలా కాలం, సంస్కారాల పరిధిని దాటి సామాన్యుల క్షవరంలో కూడా దాదాపు ఇలాగే కొనసాగింది.

కళ్లంలో కొలిచిన కూలి

మధ్యయుగాల నుంచి తెలుగు గ్రామంలో క్షౌరం ఆయగాళ్ల వ్యవస్థలో భాగంగా నడిచింది. ఊరి అవసరాలు తీర్చే కరణం, తలారి, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైన వృత్తులవారికి పంటలో వాటా, కొన్నిచోట్ల మాన్యం భూమి ఇచ్చే ఏర్పాటును ఆయం అనేవారు; ఊరూరికీ జాబితా కొంత మారినా పన్నిద్దరు ఆయగాళ్లన్న మాట స్థిరపడిపోయింది. మంగలి అనే పేరు కులానికీ వృత్తికీ కూడా చెల్లేది. ఆ పేరును తిట్టుగా వాడే అలవాటు సమాజంలో పెరిగినందువల్ల ఆ వర్గం వారు నాయీబ్రాహ్మణులన్న పేరును కోరుకున్నారు, ప్రభుత్వ రికార్డులలోకి కూడా అదే వచ్చింది. జుట్టు తీయడం వారు చేసే పనులలో ఒకటి మాత్రమే. పెండ్లిలో, గుడిలో సన్నాయి, డోలు వాయించే భజంత్రీలు వారే. పుండ్లు కోసి కట్టు కట్టే నాటువైద్యం వారిదే. చాలా ఊళ్లలో ఆ ఇంటి స్త్రీలు మంత్రసానులుగా పురుళ్లు పోసేవారు. పుట్టుక మొదలుకొని కర్మకాండ వరకు ప్రతి మలుపులోనూ క్షురకుడి అవసరం ఉండేది కాబట్టి, ఎవరింట ఏ శుభం జరగబోతోందో, ఎవరికి ఎన్నాళ్లు మైల ఉందో అతనికి తెలిసినంతగా మరొకరికి తెలిసేది కాదు.

కూలి రోజువారీ డబ్బు రూపంలో ముట్టేది కాదు. పంట నూర్చిన కళ్లంలో ఆసామి కొలిచి ఇచ్చే ధాన్యమే ఏడాది పనికి ప్రతిఫలం. దానికే మేర అని పేరు. పండగలకు, పెండ్లిళ్లకు ఇచ్చే బట్టలు, భోజనం దీనికి అదనం. ఒక్కొక్క కుటుంబం ఫలానా ఇళ్లకు పని చేయాలన్న కట్టుబాటు తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించేది. ఇలాంటి చోట క్షవరం ఎలా కావాలో చెప్పవలసిన అవసరమే అరుదు. అదే తలను ఏళ్ల తరబడి, ఆ మాటకొస్తే ఆ ఇంటి తాతల కాలం నుంచి, అదే కుటుంబం గొరుగుతోంది. నుదుటి పైభాగం, చెంపల పక్కలు నున్నగా గొరిగి, వెనక జుట్టును ముడిగానో సిగగానో పిలకగానో వదలడం పురుషులలో విస్తారంగా ఉన్న పద్ధతి. ముడి పరిమాణం, గొరిగే హద్దు ఎవరికెంతో ఊరందరికీ తెలుసు. తేడా వస్తే అడిగేది తల గలవాడు కాదు, ఇంటి పెద్ద.

పని జరిగే తీరు కూడా మాటకు తావివ్వనిదే. క్షురకుడు అడపం, అంటే పనిముట్ల పొది, చంకన పెట్టుకొని ఇంటి అరుగు దగ్గరికో చెట్టు నీడకో వచ్చేవాడు. మడత కత్తి, సానరాయి, కత్తిని నునుపు చేసే తోలుపట్టీ, గోళ్లు తీసే చిన్న ఉలి, నీళ్ల గిన్నె, ఒక చిన్న అద్దం అందులో ఉండేవి. ఇద్దరూ ఎదురెదురుగా గొంతుక్కూర్చునేవారు, లేదా చేయించుకునేవాడు పీట మీద కూర్చొని తల వంచేవాడు. వంచిన తలకు ఏం జరుగుతోందో చూసుకునే వీలు లేదు. అద్దం పని అయిపోయాక ఒకసారి చేతికి అందేది. ఆసామి క్షురకుడిని ఏకవచనంలో పేరు పెట్టి పిలిస్తే, అతను అయ్యా అనో దొరా అనో పలకాలి. ఊళ్లో కబుర్లన్నీ ఆ అరుగు మీదే దొర్లేవి గాని, జుట్టు గురించిన మాట మాత్రం వాటిలో తక్కువ. పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడన్న సామెతను ఈ నేపథ్యంలోనే చదువుకోవాలి. పని ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో నిర్ణయించుకునే అధికారం అతని చేతిలో లేదు. మంగళవారం, శుక్రవారం, అమావాస్య క్షవరానికి పనికిరావన్న నమ్మకం కూడా ఈ పని తిథివారాలకు లోబడి నడవడానికి కారణమైంది. నేటికీ చాలా తెలుగు పట్టణాలలో మంగళవారం సెలూన్లకు సెలవు.

ఈ అసమానత మధ్యలో కూడా క్షురకుడి పనితనం రాజదర్బారును కదిలించిన సందర్భం ఒకటి శాసనాలకెక్కింది. 16వ శతాబ్దంలో విజయనగర చక్రవర్తి సదాశివరాయల పేరు మీద రాజ్యం నడిపిన అళియ రామరాయలు, కొండోజు అనే క్షురకుడి సేవకు మెచ్చి మంగళ్లకు పన్నుల నుంచి, వెట్టి నుంచి మినహాయింపు ఇచ్చాడు. ఈ సంగతిని ప్రకటించే 1540ల నాటి శాసనాలు కన్నడ, తెలుగు సీమలలో పలుచోట్ల దొరికాయి. ప్రతిఫలం అడిగే అవకాశం వచ్చినప్పుడు ఆ క్షురకుడు తన ఒక్కడికి కాక మొత్తం వృత్తికి మేలు జరిగేలా చూశాడనుకోవడానికి ఈ శాసనాల విస్తృతే ఆధారం. వెట్టి తీసివేయడమంటే కూలి లేకుండా పని చేయించుకోవడాన్ని ఆపడం కనుక, పిలిచిన ప్రతివాడికీ చేసి తీరాలన్న నియమానికి అది ఆ కాలంలో పడిన ఒక చిన్న గండి.

మాట చెల్లని ముండనం

తల ఎవరిదైనా నిర్ణయం మరొకరిదన్న సూత్రం తన కఠిన రూపంలో కనిపించేది వితంతువుల శిరోముండనంలో. ముఖ్యంగా బ్రాహ్మణ కుటుంబాలలో భర్త పోయిన స్త్రీకి, ఆమె పసిపిల్ల అయినా సరే, తల గొరిగించి ఆ తరువాత జీవితాంతం ఆ ముండనాన్ని కొనసాగించడం ఆచారంగా ఉండేది. ఆ స్త్రీ కోరికకు అందులో చోటు లేదు. కత్తి పట్టినవాడి ఇష్టాయిష్టాలకూ చోటు లేదు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో జరిపించిన తొలి వితంతు వివాహం ఈ ఆచారానికి ఆధారమైన భావాన్నే ప్రశ్నించింది. మరో దిక్కు నుంచి, అంటే కత్తి పట్టిన చేతి వైపు నుంచి, ప్రతిఘటన వచ్చింది బొంబాయిలో: జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి చెందిన కార్మిక నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే చొరవతో 1890లో అక్కడి క్షురకులు సమావేశమై, వితంతువుల తల ఇకపై గొరగబోమని తీర్మానించుకున్నారు. ఒక వృత్తివారు తమ పనిముట్టు దేనికి వాడాలో, దేనికి వాడకూడదో తామే తేల్చుకోవడం ఆ కాలానికి కొత్త సంగతి.

పాలకులు సైతం జుట్టు మీద ఆజ్ఞలు జారీచేసినవారే. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో సిపాయిలు గడ్డాలు గీయించుకోవాలని, మీసాలు ఒకే కొలతకు కత్తిరించుకోవాలని, నుదుటి బొట్లు తీసివేయాలని, కొత్త తరహా తలపాగా ధరించాలని వచ్చిన ఉత్తర్వులు 1806 జులై 10న వేలూరు కోటలో తిరుగుబాటు చెలరేగడానికి ముఖ్య కారణమయ్యాయి. తెలుగు జిల్లాల నుంచి కూడా మనుషులను చేర్చుకున్న సైన్యమది. తిరుగుబాటును దారుణంగా అణచివేసిన తరువాత కంపెనీ ఆ ఉత్తర్వులను ఉపసంహరించుకోక తప్పలేదు. తలను గొరిగి అవమానించడమనే శిక్ష పాతకాలంతో పోయిందనుకోవడానికి కూడా వీలులేదు: 1996 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులకు బలవంతంగా శిరోముండనం చేయించిన కేసులో విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం 2024 ఏప్రిల్‌లో, అంటే 27 ఏళ్లు దాటిన తరువాత, దోషులకు శిక్ష విధించింది.

బలవంతం లేకుండా, సొంత ఇష్టంతో తల అప్పగించే చోటు తిరుమల కల్యాణకట్ట. తలనీలాలు సమర్పించే ఆ మండపంలో రోజూ వేల తలలు ముండనమవుతాయి. అక్కడ తేల్చుకోవలసింది ఒక్కటే: పూర్తి గుండా, కత్తెర మాత్రమేనా. గుండు చేయించుకోని స్త్రీలు కొందరు మూడు కత్తెరలు ఇస్తామని మొక్కుకుంటారు. అంటే జడ చివర మూడుసార్లు కత్తిరించిన వెంట్రుకలే సమర్పణ. స్త్రీల కోసం అక్కడ మహిళా క్షురకులు కూడా పనిచేస్తున్నారు. వివరించడానికి ఏమీ మిగలని ఈ క్షవరంలో మాట ముందే దేవుడితో అయిపోయి ఉంటుంది కాబట్టి క్షురకుడితో చెప్పవలసింది ఒక్క ముక్కే.

క్రాపు తెచ్చిన ప్రశ్న

పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట ఇంగ్లీషు చదువులతో, కచేరీ ఉద్యోగాలతో పాటు క్రాపు వచ్చింది. తల అంతటా జుట్టును సమానంగా ఉంచి, కత్తెరతో కురచ చేసి, పాపిడి తీసి దువ్వే ఈ పద్ధతి పైకి చిన్న మార్పులాగే కనిపిస్తుంది. పిలక తీసివేసి క్రాపు చేయించుకున్న కుర్రవాడి మీద ఇంట్లో రేగిన గొడవలు మాత్రం ఆ మార్పు ఎంత లోతైనదో చెబుతాయి. పిలక, ముడి పూర్వికులు నిర్ణయించినవి. క్రాపు ఆ కుర్రవాడు తానే కోరుకున్నది. పౌరోహిత్యం చేసేవారు పిలకను వదలలేదు. వకీళ్లు, గుమాస్తాలు, కాలేజీ విద్యార్థులు క్రాపుకు మళ్లారు. కొంతమంది రెండింటినీ కాదనలేక వెనక సన్నటి పిలక దాచి ముందు క్రాపు దువ్వుకున్నారు.

వృత్తి పరంగా చూస్తే క్రాపు క్షురకుడికి కొత్త విద్య నేర్చుకోవలసిన అవసరం తెచ్చింది. గొరగడంలో లెక్క రెండే: ఉంచడం, తీసివేయడం. క్రాపులో ప్రతి వెంట్రుకకూ ఒక పొడవు ఉంది, ఆ పొడవు చెవి దగ్గర ఒకటి, నడినెత్తిన ఒకటి, మెడ దగ్గర మరొకటి. కత్తి పక్కన పెట్టి, దువ్వెన మీద జుట్టు ఎత్తి పట్టుకొని కత్తెర నడపడం, దిగువ నుంచి పైకి క్రమంగా పొడవు పెంచుకుంటూ పోవడం చేయి తిరిగితే గాని రాదు. పళ్ల చట్రాలు రెండు ఒకదానిమీదొకటి కదిలే చేతి మిషను కూడా వచ్చింది; పిడి నొక్కి వదులుతూ మెడ వెనక నడిపే ఈ మిషనుకు పదును తగ్గితే వెంట్రుకలు తెగే బదులు పీకుకుపోయేవి. ఇదంతా కలిసి, ఎంత, ఎక్కడ, ఏ పక్క అన్న ప్రశ్నలను తొలిసారి క్షురకుడి నోట పలికించింది. తెలుగునాట క్షవరానికి వివరణ అవసరమైంది అప్పటి నుంచే.

దాదాపు అదే కాలంలో మరో పరికరం ఈ వృత్తి రూపాన్ని మార్చడం మొదలుపెట్టింది. అమెరికాలో 1904లో పేటెంటు పొందిన జిలెట్ సేఫ్టీ రేజరు, దాని తరహా బ్లేడ్లు క్రమంగా మన దేశానికీ చేరాక, చదువుకున్నవారు గడ్డం ఇంట్లోనే గీసుకోవడానికి అలవాటుపడ్డారు. వారానికి ఒకటి రెండుసార్లు వచ్చే గడ్డం పని తగ్గేకొద్దీ, నెలకోసారి వచ్చే కటింగు మీద, అందులోని నేర్పు మీద వృత్తి ఆధారపడవలసి వచ్చింది.

అద్దం ముందు కుర్చీ

సెలూను అనే దుకాణం పట్టణాలలో స్థిరపడడంతో మూడు మార్పులు ఒకేసారి జరిగాయి. మొదటిది కూర్చునే తీరు: నేల మీద వంచిన తల కుర్చీలోకి ఎక్కి నిటారుగా నిలిచింది, క్షురకుడు వెనక నిలబడ్డాడు, ఇద్దరూ ఎదుటి అద్దంలోకే చూడసాగారు. పని జరుగుతుండగానే చూసుకొని, ఇక్కడ ఇంకొంచెం అనడం అప్పుడు గాని సాధ్యం కాలేదు. చివర్లో మెడ వెనక చిన్న అద్దం పట్టి చూపించడం, దానికి తల ఊపడం ఒక రకంగా ఒప్పందం ముగిసిందన్న సంతకం. రెండవది డబ్బు: కటింగుకింత, గడ్డానికింత అన్న ధరల పట్టిక గోడ మీద వేలాడడంతో ఏడాది మేర స్థానంలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క రేటు వచ్చింది. నచ్చకపోతే మరుసటి నెల మరో దుకాణానికి పోవచ్చు. మూడవది పిలుపు: ఒరే, దొరా అన్న జంట స్థానంలో అన్నా, సార్, హైదరాబాదులో అయితే భయ్యా, నిలిచాయి.

ఈ మూడూ అందరికీ ఒకేసారి అందలేదు. గ్రామాలలో క్షురకులు దళితులకు పని చేయకూడదన్న కట్టుబాటు ఉండేది. దాన్ని మీరిన క్షురకుడిని మిగతా ఊరు వెలివేసేది కాబట్టి, చేయాలని ఉన్నా చేయలేని స్థితి అతనిది. దళితవాడలలో తమలో తామే ఒకరికొకరు క్షవరం చేసుకునేవారు, లేదా పట్నానికి పోయినప్పుడు చేయించుకునేవారు. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం, తరువాత పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకున్నది, దుకాణం అనే మాటకు నిర్వచనం ఇస్తూ చాకలి దుకాణాన్ని, క్షౌరశాలను పేరు పెట్టి మరీ అందులో చేర్చింది. ఏ దుకాణంలో అంటరానితనం ఎక్కువగా కనిపిస్తోందో చట్టం రాసినవారికి తెలుసుననడానికి ఇదే సాక్ష్యం. చట్టం వచ్చాక కూడా చాలా ఊళ్లలో ఈ నిరాకరణ కొనసాగింది; ఊరి క్షురకుడి కన్నా మండల కేంద్రంలోని సెలూను ముందుగా అందరిదీ అయింది, ఎందుకంటే అక్కడ కుర్చీ ఎక్కేవాడి ఊరూ పేరూ అడిగే పని లేదు, అడిగేది ఎలా కావాలన్న ఒక్క మాటే.

ఆ మాటకు ఇచ్చే జవాబులోనే సెలూను భాష తయారైంది. షార్టు, మీడియం అన్నవి పొడవుకు సంబంధించిన రెండు ముఖ్యమైన మాటలు. వెనక మెట్టు కనబడకుండా దిగువకు జారేట్టు తీస్తే స్లోపు. పొరలు పొరలుగా కనిపించేట్టు తీస్తే స్టెప్ కటింగు. చుట్టూ గొరిగి నెత్తిన కురచగా ఉంచితే మిలిటరీ కటింగు. గిన్నె బోర్లించి గీత గీసినట్టున్నదాన్ని డిప్ప కటింగని వెక్కిరించారు. చెవుల ముందు దిగే జుట్టును కోస్తాలో చెంపలని, సైడ్‌లాకులని అంటే, హైదరాబాదులో ఉర్దూ పలుకుబడి ప్రకారం కలమని అంటారు.

ఈ మాటలలో చాలావరకు కొలతలు కావు, అందుకే పేచీలు వస్తాయి. రెండు వేళ్లంత అన్నప్పుడు తీయమనా, ఉంచమనా అన్నది తేలాలి. తడి జుట్టు పొడవుగా కనిపించి ఆరాక పైకి లేస్తుంది కాబట్టి తడి మీద సరిపోయిన కొలత ఇంటికి పోయేసరికి కురచ అవుతుంది. అనుభవం ఉన్న క్షురకుడు గుడ్డ కప్పి, నీళ్లు చిలకరించి, దువ్వెన పెట్టి ముందుగా చూసేది సుడిని. నడినెత్తిన వెంట్రుకలు గుండ్రంగా తిరిగే ఆ చోట మరీ కురచగా తీస్తే అవి నిక్కబొడుచుకుంటాయి. రెండు సుడులున్న తల అయితే ఆ రెంటి మధ్య జుట్టు ఏ దువ్వెనకూ లొంగదు. కూర్చున్నవాడు చెప్పింది వింటూనే, ఆ తల ఒప్పుకునేది ఎంతో వేళ్లతో తేల్చుకొని, కాస్త ఎక్కువ ఉంచి మొదలుపెడతాడు, ఎందుకంటే తీసినదాన్ని అతికించలేడు. జుట్టు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఆ పొరపాటు సరిదిద్దుకోవడానికి కనీసం ఒకటి రెండు నెలలు పడుతుంది.

కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క పలక వేసి కూర్చోబెట్టే పిల్లల విషయంలో మాత్రం ఆశ్వలాయనుడి నాటి విభజన చాలా కాలం మారలేదు. తల పిల్లవాడిది, మాట తండ్రిది. బాగా చిన్నగా తీయి, రెండు నెలలదాకా మళ్లీ రాకూడదు అన్నది తెలుగు తండ్రులు సెలూనులో ఇచ్చిన ప్రామాణిక సూచన. పిల్లవాడి అభ్యంతరం అద్దంలో ముఖం మాడ్చుకోవడంతో ముగిసేది. బడులలో క్రమశిక్షణ పేరుతో కటింగు నియమాలు ఉండడం ఈ తండ్రి మాటకు బలాన్నిచ్చింది.

బొమ్మ, నంబరు

మాటతో చెప్పలేనిదాన్ని పేరుతో చెప్పే దారి సినిమా చూపించింది. నుదుటి మీద రింగుతో శోభన్ బాబు తెలుగు సెలూన్లకు ఒక తరం పాటు ఒక నమూనా అయ్యాడు. ఫలానా హీరో కటింగు అంటే చాలు, పొడవు, పాపిడి, చెంపలు మూడూ ఒక్కసారే అర్థమయ్యేవి. 1970లలో చెవులు కప్పే పొడవు జుట్టు ఫ్యాషనైనప్పుడు పెద్దలు దాన్ని హిప్పీ జుట్టని తిట్టిపోశారు. 2003లో వచ్చిన తేరే నామ్ చిత్రంలో సల్మాన్ ఖాన్ నడి పాపిడి, 2004లో అంతర్జాతీయ క్రికెట్‌లో అడుగుపెట్టిన ధోనీ పొడవు జుట్టు, 2017 నాటి అర్జున్ రెడ్డి చిత్రంలో విజయ్ దేవరకొండ గడ్డం ఇలా ఒక్కొక్కటి ఒక్కొక్క విడత కోరికలకు పేరైనాయి. సెలూను గోడ మీద వరుసగా అతికించిన తలల పోస్టరు ఈ అవసరం కోసమే పుట్టింది: వేలు పెట్టి చూపిస్తే వివరణ అక్కరలేదు. స్మార్ట్‌ఫోను వచ్చాక ఆ పోస్టరు కుర్చీ ఎక్కేవాడి జేబులోకే చేరింది.

పేరు, బొమ్మ రెండింటిలోనూ ఒక మోసం ఉంది. బొమ్మలోని జుట్టు మందం, దాని వంపు, ముఖం ఆకారం కుర్చీలో ఉన్నవాడివి కావు. ఈ తేడా దగ్గరే క్షురకుడి సలహాకు విలువ పెరిగింది. మీ జుట్టు పల్చన, ఇది నిలబడదు, మీకు నుదురు ఎత్తు, పైన కాస్త ఎక్కువ ఉంచుదాం అని అతను చెప్పడం, చేయించుకునేవాడు వినడం సెలూను కాలంలో గాని సాధ్యం కాని సంభాషణ.

కచ్చితమైన కొలతను తెచ్చింది విద్యుత్ మిషను. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో లియో వాల్ 1919లో రూపొందించిన విద్యుత్ క్లిప్పరు, దాని తరువాతి రకాలు, పళ్ల మీద తొడిగే దువ్వెన తొడుగులతో కలిసి ప్రపంచమంతటా ఒకే అంకెల భాషను వ్యాపింపజేశాయి. ఒకటో నంబరు తొడుగు అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే సుమారు 3 మిల్లీమీటర్ల జుట్టును ఉంచుతుంది. రెండోది 6, మూడోది 10, నాలుగోది 13 మిల్లీమీటర్లు. తొడుగు లేకుండా నడిపితే జీరో. దిగువన జీరోతో మొదలై పైకి పోయేకొద్దీ మెల్లగా నంబరు పెరుగుతూ మెట్టు కనబడకుండా కలిసిపోవడాన్ని ఫేడ్ అంటున్నారు. పాతకాలపు స్లోపుకు ఇది మిషను రూపం. అమెరికాలో చదువుకోవడానికి పోయిన తెలుగు విద్యార్థికి అక్కడి బార్బర్ షాపులో పక్కలకు రెండు, పైన కత్తెర అన్నంత సులువుగా ఒకప్పటి మీడియం అర్థం కాదు. హైదరాబాదులో ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చిన యువకులు ఎందరో సెలూన్లలో పనిచేస్తున్నందున అక్కడ కూడా తెలుగు, హిందీ తడబడినచోట నంబరే మధ్యవర్తి.

కాదనే హక్కు

అడిగే స్వేచ్ఛ పెరిగిన ఈ నూరేళ్లలో వృత్తివారి ఆర్థిక స్థితి అదే వేగంతో పెరగలేదు. కులంతో పని లేకుండా ఎవరైనా పెట్టుకోగల వ్యాపారంగా సెలూను మారడం ఒక రకంగా విముక్తి అయితే, ఎయిర్ కండిషన్డ్ గొలుసు దుకాణాల పెట్టుబడితో ఒంటి కుర్చీ దుకాణం పోటీపడలేకపోవడం మరో రకమైన ఒత్తిడి. మేర పోయింది, మాన్యం పోయింది, వాటి స్థానంలో వచ్చిన రోజువారీ ఆదాయం ఎంత బలహీనమో 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించి సెలూన్లు మూసినప్పుడు తెలిసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే ఏడాది జూన్‌లో ప్రారంభించిన జగనన్న చేదోడు పథకం కింద దుకాణాలున్న నాయీబ్రాహ్మణులకు, రజకులకు, దర్జీలకు ఏడాదికి 10,000 రూపాయలు ఇవ్వడం, తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ప్రకటించడం ఈ బలహీనతను ప్రభుత్వాలు గుర్తించాయనడానికి నిదర్శనం.

అయినా ఒక విషయంలో నేటి క్షురకుడు తన తాతకు లేని స్థితిలో ఉన్నాడు. కొండోజు కాలంలో వెట్టిని తీసివేయడానికి రాజశాసనం కావలసి వచ్చింది. 1890లో బొంబాయి క్షురకులకు ఒక ఉద్యమం అండ కావలసి వచ్చింది. నేడు చిన్న పట్టణంలోని సెలూను యజమాని దుకాణం ఎప్పుడు తెరవాలో, పనికి ఎంత తీసుకోవాలో తానే నిర్ణయించుకుంటాడు. కోరిన తీరు ఆ తలకు నప్పదనుకుంటే నప్పదంటాడు, పెండ్లి ముందురోజు కొత్త ప్రయోగం వద్దంటాడు, మాడు మీద పుండు కనిపిస్తే ముందు డాక్టరుకు చూపించుకోమంటాడు. అతను కాదనే వీలున్నప్పుడే అతను సరేనన్న మాటకు నమ్మకం ఉంటుంది. కూర్చున్నవాడు ఇలా కావాలనడం, నిలబడినవాడు ఇలా అయితే బాగుంటుందనడం, మధ్యలో ఎక్కడో ఇద్దరూ ఒప్పుకోవడం అన్న ఈ చిన్న బేరం వెనక ఉన్నది ఫ్యాషన్ల చరిత్ర ఒక్కటే కాదు. ఒకరి మీద ఒకరికి పుట్టుకతో వచ్చిన అధికారం సడలి, ఇద్దరు మనుషులు ఒక పని గురించి మాట్లాడుకోగలిగిన స్థితికి చేరిన చరిత్ర కూడా. ఆ చేరిక అన్ని ఊళ్లలో పూర్తికాలేదు కాబట్టి, ఏ ఊళ్లోనైనా సమానత్వం ఎంతవరకు వచ్చిందో కొలవాలనుకునేవారు అక్కడి క్షౌరశాలలో ఎవరెవరు కుర్చీ ఎక్కగలుగుతున్నారో, ఎక్కినవారిలో ఎవరెవరి మాట చెల్లుతోందో, కత్తెర పట్టినవాడు ఎవరితో కాదనగలుగుతున్నాడో విచారిస్తే చాలావరకు సరిపోతుంది.